పిల్లలతో బైబిల్ వాక్యాలు కంఠతా పట్టించాలా?

రాజోలు సిస్టర్:
వారానికో వాక్యం పిల్లలకు నోటికి రావాలని మా సంఘంలో కొందరు, అర్థం తెలియని వల్లెవేత ఎందుకని కొందరు. నేను మొదటి పక్షం. ద్వితీయోపదేశకాండం 6:7 ఈ పనిని తల్లిదండ్రులకే అప్పగించింది. ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకున్నా, లేచినా వాక్యం గురించి పిల్లలతో మాట్లాడమంది. పొలం గట్టు మీద బైబిల్ తెరుచుకుని ఎవరూ నడవరు కదండీ, నోటికొస్తేనే చెప్పగలం. మా నాయనమ్మకు అక్షరం రాదు. 23వ కీర్తన మాత్రం తప్పు లేకుండా చెప్పేది. వరినాట్లకు వెళ్తూ మాకూ నేర్పింది. ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ తరం పోయాక యెహోవాను ఎరగని తరం పుట్టిందని న్యాయాధిపతులు 2:10 చెబుతుంది. ఒక్క తరం చాలు. నాకు భయం అక్కడే.

భీమవరం బ్రదర్:
అక్కా, ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయమే 20వ వచనం దాకా చదవండి. ఈ కట్టడలు ఏమిటని కొడుకు అడుగుతాడు. తండ్రి ఆజ్ఞలు అప్పజెప్పడు. మనం ఐగుప్తులో ఫరోకు బానిసలుగా ఉంటే దేవుడు విడిపించాడని, జరిగిందంతా చెబుతాడు. అంటే పిల్లలు అడుగుతారని దేవుడికి ముందే తెలుసు. మనమే అడగనివ్వడం లేదు. మావాడు తొమ్మిదో తరగతి, కంఠత వాక్యాలకు ప్రైజులు తెచ్చుకున్నవాడు. కొడుకుని బలివ్వమని అబ్రాహామును దేవుడు ఎందుకు అడిగాడని సండే స్కూల్లో అడిగితే, అలాంటివి అడక్కూడదన్నారట. ఇప్పుడు ఆదివారం వస్తే వాడికి టెన్షన్, వెళ్లనంటాడు. నోటికొచ్చిన వాక్యాలేవీ వాణ్ని ఆపలేదు.

పాలకొల్లు పెద్దాయన:
బౌడెన్, బీర్ దంపతులు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం ప్రాంతంలో సువార్త పని మొదలుపెట్టారు. తొలిరోజుల్లో నమ్ముకున్న మనవాళ్లలో చాలామందికి చదువు లేదు. పాటగానో, వల్లించో నేర్చుకున్నారు. అసలు 119వ కీర్తన చూడండి. హీబ్రూలోని 22 అక్షరాల్లో ఒక్కోదానితో మొదలయ్యేవి ఎనిమిదేసి చొప్పున 176 వచనాలు. గుర్తుపెట్టుకోవడానికి అంత వీలుగా ఉన్నదాన్ని వల్లెవేత అని తీసిపారేయకండి బాబూ.

మలికిపురం అమ్మ:
నేను కువైట్‌లో పని చేస్తున్నాను. పాప మా అమ్మ దగ్గర ఉంటుంది. అక్కడ రాత్రి తొమ్మిదైతే ఇక్కడ ఆరున్నర. వీడియో కాల్‌లోనే మా కుటుంబ ప్రార్థన. ముందు వాక్యం చెప్పమంటే గబగబా చెప్పేసి ఫోన్ పెట్టేసేది. ఇప్పుడు ముందు స్కూలు సంగతులు అడుగుతున్నాను. స్నేహితురాలితో గొడవైందని చెబితే, క్షమించడం గురించి యేసు పేతురుతో ఏమన్నాడో చెప్పుకుంటాం. ఆ రోజు నేర్చుకున్నది మర్చిపోదు. దూరంగా ఉన్న తల్లికి ఇంతకన్నా ఏం దారి ఉంది?

రాజోలు సిస్టర్:
చెల్లీ, నువ్వు చేసేదే 6:7. బ్రదర్, పిల్లాడి నోరు నొక్కడం తప్పే, అందులో నాకు వాదన లేదు. కానీ వాక్యం నోటికి రాబట్టే ఆ ప్రశ్న పుట్టిందేమో కూడా చూడండి. ఇంతకీ ఇంటికొచ్చి అడిగితే మీరేం చెప్పారు?

భీమవరం బ్రదర్:
వాడితో కూర్చుని ఆదికాండం 22 చదువుతున్నానక్కా. దహనబలికి గొర్రెపిల్ల ఏదని ఇస్సాకే తండ్రిని అడుగుతాడు కదా, అబ్రాహాము అడగొద్దనలేదని చూపించాను. మిగతాదానికి వాడింకా ఒప్పుకోలేదు. ఈ వారం మళ్లీ చదువుతాం.