అమ్మకి టీవీ బాక్సు: ఓటీటీ రావాలి, నాన్న తీసిన నాటకాలూ ఆడాలి

తణుకు_చిన్నోడు

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా రివ్యూలు చూసి చూసి బుర్ర వేడెక్కింది. ఒకరు బాగుందన్న బాక్సుని ఇంకొకరు చెత్త అంటారు. ఇక్కడైనా దారి దొరుకుతుందేమోనని రాస్తున్నాను. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మా నాన్నకి పద్య నాటకాల పిచ్చి. డ్రాయింగ్ మాస్టారుగా చేస్తూనే, చుట్టుపక్కల ఎక్కడ పరిషత్తు పోటీలు జరిగినా, ఏ ఊరి తిరనాళ్లకి నాటకం వేసినా హ్యాండీక్యామ్ సంచి తగిలించుకుని వెళ్లిపోయేవారు. 2003 నుంచి 2009 దాకా తీసినవి 62 మినీడీవీ క్యాసెట్లు. తర్వాత మెమరీ కార్డు కెమెరా కొన్నారు, వాటివి .ఎంటీఎస్ ఫైళ్లు. ఆయన పోయాక, నిరుడు వేసవిలో క్యాసెట్లన్నీ నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నాన్న కెమెరా ఆన్ కాకపోతే ఫ్రెండ్ దగ్గర ఇంకో కెమెరా అరువు తెచ్చి, పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు (ఆ కెమెరా కేబుల్ గుచ్చేది) పెట్టి లాగాను. గంటకి 13 జీబీ. రెండో కెమెరావీ కలిపితే ఒక టెరాబైటు పైమాటే. 2 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్కులో ఉన్నాయి.

టీవీ 2013లో కొన్నది. 40 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, స్మార్ట్ కాదు. హెచ్‌డీఎంఐ సాకెట్లు రెండే, ఒకటి కేబుల్ బాక్సుకి పోయింది. డిస్కు నేరుగా టీవీకి గుచ్చితే క్యాసెట్ల ఫైళ్లు అసలు లిస్టులోనే కనపడవు. రెండో కెమెరావి బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. హార్మోనియం మెట్ల మీద వేళ్లు కదులుతుంటాయి, నటుడు చెయ్యెత్తి నోరు తెరుస్తాడు, గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అమ్మ రెండు నిమిషాలు చూసి, "పోన్లేరా, ఆ పద్యం నాకు వచ్చుగా" అని తనే పాడుకుంది. ఆ రోజే బాక్సు కొనాలని డిసైడయ్యాను.

తొందరపడి బజార్లో 2,200 పెట్టి "8కే అల్ట్రా" అని రాసున్న పేరులేని బాక్సు ఒకటి తెచ్చాను. ప్రైమ్‌లో సినిమా పెడితే పాత దూరదర్శన్‌లా మసకగా వచ్చింది. నాటకం పెడితే తెగి తెగి ఆడింది. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు.

బడ్జెట్ 5,000, మరీ మంచిదైతే ఆరు దాకా. అమ్మకి 71 ఏళ్లు. ఆహా, ఈటీవీ విన్, ప్రైమ్ చూస్తుంది. ఇంకో సంగతి, నవ్వకండి: పద్యం నచ్చితే వెనక్కి తిప్పి మళ్లీ వినాలి. నాటకానికి వెళ్తే హాల్లో "వన్స్‌మోర్" అని అరిచే బాపతు. ఇంట్లో మాత్రం ఊరుకుంటుందా?

మిక్సింగ్_బాబు

తమ్ముడూ, ఇరవై ఏళ్లు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసినవాణ్ని. ఈ జబ్బు నాకు బాగా తెలుసు. బాక్సు సంగతి తర్వాత, ముందు నీ ఫైళ్ల సంగతి చూద్దాం.

ఎంటీఎస్ ఫైళ్లలో బొమ్మ హెచ్.264 అనే పద్ధతిలో కుదించి ఉంటుంది, దాన్ని నీ టీవీ ఆడిస్తోంది. సౌండు చాలావరకు డాల్బీ డిజిటల్ అయ్యుంటుంది. ఆ లైసెన్సు లేని టీవీ మూగనోము పడుతుంది. వీఎల్‌సీ గానీ కోడి గానీ, ఈ వీడియో ప్లేయర్ యాప్‌లు వేసుకునే ఏ బాక్సయినా దీన్ని తీర్చేస్తుంది. అవి సౌండుని తామే విప్పి, మామూలు స్టీరియోగా టీవీకి అందిస్తాయి. సెట్టింగుల్లో "పాస్‌త్రూ" అని కనపడితే మాత్రం ముట్టుకోకు. అది ఆన్ అయితే విప్పకుండా టీవీ నెత్తిన పడేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది కథ.

క్యాసెట్లది వేరే గొడవ. డీవీ, అంటే మినీడీవీ క్యాసెట్ల ఫార్మాట్, బొమ్మకే సెకనుకి 25 మెగాబిట్లు, సౌండూ మిగతావీ కలిపి గంటకి 13 జీబీ. ఈ చిన్న బాక్సుల చిప్పుల్లో హెచ్.264, హెచ్.265 విప్పడానికి ప్రత్యేకంగా ఏర్పాటు ఉంటుంది గానీ డీవీకి ఉండదు. బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. పైగా అది ఇంటర్లేస్డ్. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో సెకనుకి 50 సగం బొమ్మలు తీస్తుంది, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. పాత ట్యూబు టీవీ కూడా అలాగే గీసేది కాబట్టి మనకి తెలిసేది కాదు. ఇప్పుడు ఆ రెండు సగాలనీ సరిగ్గా విడదీయకుండా ఒకేసారి చూపిస్తే, కదిలే చోటల్లా చీలిక కనపడుతుంది. భీముడు గద తిప్పాడనుకో, గద అంచులు దువ్వెన పళ్లలా వస్తాయి. నీ 8కే బాక్సులో చూసే ఉంటావు.

దీనికి ఖరీదైన బాక్సు కొనడం కన్నా ఫైళ్లు మార్చుకోవడం మేలు. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో డీఇంటర్లేస్ (ఆ సగాలని విడదీసేది) ఆన్ చేసి, బాబ్ అనే రకం ఎంచుకో. ఆ 50 సగాలూ 50 పూర్తి ఫ్రేములవుతాయి, కదలిక నూనె పోసినట్టు ఉంటుంది. ఫ్రేమ్ రేటు దగ్గర "సేమ్ యాజ్ సోర్స్" కాకుండా 50 పెట్టు, లేకపోతే సగం పారేస్తుందేమోనని నాకు అనుమానం ఎప్పుడూ. హెచ్.264, క్వాలిటీ 18, సౌండు ఏఏసీ. అనామార్ఫిక్ (బొమ్మ వెడల్పు సరిచేసేది) ఆటోమేటిక్‌లో ఉంచు, లేకపోతే మనుషులు సన్నగా సాగుతారు. అలాగని టీవీలో 16:9కి లాగితే కృష్ణుడు కుంభకర్ణుడవుతాడు. 4:3లోనే చూడండి, పక్కన నల్ల పట్టీలుంటే ఉండనీ. నా దగ్గర గంట క్యాసెట్ రెండు జీబీకి అటూ ఇటూగా వస్తోంది.

అసలు డీవీ ఫైళ్లు చెరపకు. ఇంకో డిస్కులో ఇంకో కాపీ పెట్టు. ఒక్క డిస్కులో ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్కపెట్టను నేను.

పై_ప్రియుడు

రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) తీసుకుని లిబ్రెఎలెక్ (కోడి కోసమే చేసిన ఓఎస్) వెయ్యండి అన్నా. కోడి నేరుగా బూట్ అవుతుంది, డీవీ కూడా ఉన్నదున్నట్టు ఆడేస్తుంది, మార్చే పనే లేదు. హెచ్‌డీఎంఐ సీఈసీ ఉంటే టీవీ రిమోట్‌తోనే నడుస్తుంది. నేను ఎర్రగడ్డలో సెకండ్ హ్యాండ్ అడాప్టర్ కొని మూడేళ్లుగా నడుపుతున్నా. పై 5 కొత్తదే గానీ అందులో హెచ్.264 హార్డ్‌వేర్ డీకోడర్ తీసేశారు. ప్రాసెసర్ గట్టిది కాబట్టి లాగేస్తుందనుకోండి.

మిక్సింగ్_బాబు

పై బంగారం, కాదనను. కానీ ఆవిడ ఆహా ఎక్కడ చూడాలి? ఓటీటీలు హెచ్‌డీ ఇవ్వాలంటే బాక్సులో వైడ్‌వైన్ ఎల్1 అని ఒక తాళం ఉండాలి. అది లేక ఎల్3తో సరిపెట్టుకునే వాటికి చాలా యాప్‌లు మసక బొమ్మే ఇస్తాయి. చిన్నోడి 8కే బాక్సు రోగం అదే అయ్యుంటుంది. ఇంట్లో ఫైబర్ ఎంత స్పీడున్నా దానికి మందు లేదు. పైలోనూ ఎల్1 ఉండదు. పైగా పెట్టె, అడాప్టర్, కార్డు కలిపితే బడ్జెట్ దాటుతుంది.

చిన్నోడూ, ఆ పేరులేని బాక్సుని వైఫై నుంచి తీసెయ్. ఇలాంటి కొన్ని బాక్సుల్లో ఫ్యాక్టరీ నుంచే దొంగ సాఫ్ట్‌వేర్ వస్తోందని, బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక కూడా ఇచ్చింది. నీది అలాంటిదో కాదో నేను చెప్పలేను, కానీ దాంట్లో అమ్మగారి ఖాతాలు పెట్టి ఉంటే పాస్‌వర్డులు మార్చు.

డల్లాస్_బాబాయ్

ఎన్విడియా వాళ్ల షీల్డ్ ప్రో బాక్సు కొని పడెయ్యండి. 2019లో వచ్చింది, ఇప్పటికీ దాన్ని కొట్టింది లేదు. యూఎస్‌బీ 3.0 పోర్టులు రెండు, ఈథర్‌నెట్, ఏ ఫైలు ఇచ్చినా మింగేస్తుంది. ఇక్కడ 199 డాలర్లకి వచ్చింది. ఎవరైనా ఇండియా వచ్చేవాళ్లుంటే తెప్పించుకోండి. ఆపిల్ టీవీ కూడా నా దగ్గరుంది, ఓటీటీకి మెత్తగా ఉంటుంది గానీ డిస్కు గుచ్చడానికి యూఎస్‌బీ పోర్టే లేదు.

తణుకు_చిన్నోడు

బాబాయ్, 199 డాలర్లంటే మా బడ్జెట్‌కి మూడింతలు. అమ్మకి ధర తెలిస్తే బాక్సుకి బదులు నన్ను టీవీ కింద పెడుతుంది. 😄

అత్తిలి_అమ్మాయి

మీ పక్క ఊరే అండి, ఇప్పుడు బెంగళూరు. మా అత్తగారికి ఇదంతా చేసి పెట్టాను, కాబట్టి పడ్డ తిప్పలు చెప్తాను.

మొదట అమెజాన్ ఫైర్ స్టిక్ పెట్టాం. ఓటీటీకి ఏ వంకా లేదు. కానీ డిస్కు గుచ్చాలంటే మధ్యలో ఓటీజీ కేబుల్ వేలాడాలి. వీఎల్‌సీ వాళ్ల స్టోర్‌లోనే ఉంది, కోడి మాత్రం బయటి నుంచి ఎక్కించుకోవాలి. 2025లో అమెజాన్ సొంత వేగా ఓఎస్‌తో వచ్చిన స్టిక్కులో అదీ కుదరదు, కొనేముందు చూసుకోండి. స్టిక్కుని టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునేలా పెడితే సినిమా మధ్యలో దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. డబ్బాలో వచ్చిన అడాప్టర్ గోడకి పెట్టాక కుదురుకుంది.

తర్వాత ఎంఐ బాక్స్ 4కేకి మారాం. 2020లో 3,499కి వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. ఒక యూఎస్‌బీ పోర్టుంది, చాలు. స్టోరేజ్ 8 జీబీయే, నాలుగు యాప్‌లు వేస్తే నిండిపోతుంది. కొత్తగా కొంటే గూగుల్ టీవీ సాఫ్ట్‌వేర్ ఉన్న పేరున్న కంపెనీ బాక్సు, మామూలు సైజు యూఎస్‌బీ పోర్టు ఉన్నది చూసుకోండి. టీవీ ఫుల్ హెచ్‌డీ కాబట్టి 4కే కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

పోర్టబుల్ హార్డ్‌డిస్కు గుచ్చితే టిక్... టిక్... అని చప్పుడు చేసి ఆగిపోతే వెంటనే కంగారు పడకండి, డిస్కు పాడైనట్టే కానక్కర్లేదు, కరెంటు చాలకపోయుండొచ్చు. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్ అయినా పెట్టాలి, లేదా ఫైళ్లు మార్చాక అన్నీ పెద్ద పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయేమో చూడండి.

టీవీ మెనూలో సీఈసీ వెతకండి. ఆ పేరుతో ఉండదు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అది ఆన్ చేస్తే బాక్సు రిమోట్ నొక్కగానే టీవీ కూడా లేస్తుంది. మా అత్తగారికి అన్ని ఫీచర్లలోకీ అదొక్కటే నచ్చింది.

తణుకు_చిన్నోడు (మూడు వారాల తర్వాత)

అందరికీ థ్యాంక్స్. అత్తిలి అమ్మాయి గారు చెప్పిన రకమే, గూగుల్ టీవీ బాక్సు ఐదు వేల లోపు దొరికింది. ఆహా, ప్రైమ్ అద్దంలా ఉన్నాయి. 62 క్యాసెట్లలో 43 మార్చాను. మన పాత డెస్క్‌టాప్‌కి ఒక్కోటి గంటన్నర పైనే పడుతోంది, రాత్రి పెట్టి పడుకుంటున్నా. మిక్సింగ్ బాబు గారూ, ముందు ఒక క్యాసెట్ బాబ్ లేకుండా, ఒకటి బాబ్‌తో చేసి పక్కపక్కన చూశాను. గద సంగతి సరే, చామరం ఊపేటప్పుడు తేడా చూడాలి. మొదటిదాంట్లో తెల్లటి మసక. రెండోదాంట్లో వెంట్రుక వెంట్రుకా విడిగా.

కోడిలో ఫోల్డర్ పేర్లు తెలుగులో పెడితే ముందు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. ఫాంట్ మారిస్తే అక్షరాలొచ్చాయి గానీ ఒత్తులు పక్కకి జారిపోతున్నాయి. దాంతో కుస్తీ పట్టడం మానేసి వేరే పని చేశాను. నాన్న ప్రతి నాటకం కరపత్రం దాచారు, ఆ గులాబీ రంగు, పసుపు రంగు పల్చటి కాగితాలు. వాటిని ఫొటో తీసి ఒక్కో ఫోల్డర్‌లో "ఫోల్డర్" అనే పేరుతో జేపెగ్‌గా పెట్టాను (పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి). ఇప్పుడు తెర మీద వరసగా కరపత్రాలే కనిపిస్తాయి. అమ్మ చదవక్కర్లేదు, రంగు చూసి, కాగితం మడత చూసి పట్టేస్తుంది.

వెనక్కి తిప్పడానికి ఎడమ బాణం నొక్కితే పది సెకన్లు వెళ్తుంది. రెండు మూడు నొక్కులకి పద్యం ఎత్తుగడకి వచ్చేస్తుంది. నిన్న ఒకే రాగాలాపన ఏడుసార్లు విన్నది, నేను లెక్కపెట్టాను.

తీరని గొడవలు రెండు. కరెంటు పోయి వచ్చాక టీవీ మళ్లీ కేబుల్ మీదే తెరుచుకుంటోంది, అది సరే, అలవాటు పడుతుంది. రెండోది, 2004 నాటి మూడు క్యాసెట్లలో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయి, సౌండు టకటకమని తెగుతోంది. మార్చడంలో కాదు, అసలు డీవీ ఫైల్లోనే అలా ఉంది. క్యాసెట్ పోయినట్టేనా?

మిక్సింగ్_బాబు

అప్పుడే పోయిందనుకోకు. ఆ మూడింటి మీద ఎక్కడైనా "ఎల్‌పీ" అని రాసుందా? గంట క్యాసెట్‌లో గంటన్నర పట్టించడానికి ఆ మోడ్‌లో తీసేవాళ్లం. ఎల్‌పీలో గీతలు మరీ సన్నగా పడతాయి, తీసిన కెమెరాలో ఆడినట్టు ఇంకో కెమెరాలో ఆడదు. నువ్వు ఫ్రెండ్ కెమెరాలో లాగావు కదా. మీ నాన్నగారి కెమెరా పారెయ్యలేదు కదా? ఆన్ కావట్లేదన్నావు, బ్యాటరీ చచ్చిపోయుండొచ్చు. వాటికి అడాప్టర్ పెడితే బ్యాటరీ లేకుండానే నడుస్తాయి. ముందు క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు తిప్పి, తర్వాత ఇవి పెట్టి చూడు.

తణుకు_చిన్నోడు

ఎల్‌పీ అనే ఉందండి, మూడింటి మీదా, నాన్న చేతిరాతతో ఎర్ర స్కెచ్‌తో రాసి. కెమెరా అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. అడాప్టరే కనపడట్లేదు. అటక ఎక్కుతున్నా.