ఇంట్లో వివక్ష గురించి డిగ్రీ అమ్మాయిలను ఎలా అడగాలి?

కౌన్సెలింగ్‌లో పనిచేసేవాళ్లు సలహా చెప్పండి. డిగ్రీ అమ్మాయిలకు మేం పీహెచ్‌క్యూ-9 అనే, దిగులు (డిప్రెషన్) ఎంతుందో చూసే ప్రశ్నల పత్రం ఇస్తున్నాం. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల సంగతి, మొత్తం 27 మార్కులు. 10, ఆపైన వస్తే విడిగా కూర్చోబెట్టి మాట్లాడతాం. చచ్చిపోతే బాగుండుననే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏది పెట్టినా, మొత్తంతో పనిలేకుండా అదే రోజు మాట్లాడాల్సిందే.

చిక్కంతా తర్వాతే. "ఇంట్లో వివక్ష ఉందా?" అంటే "అలాంటిదేం లేదండీ" అనేస్తారు. తమ్ముడికి హైదరాబాద్‌లో బీటెక్, తనకు ఊరి పక్కన డిగ్రీ... వాళ్ల లెక్కలో అది మామూలే. అందుకే "మీ అన్నయ్య తిన్న కంచం ఎవరు తీస్తారు?", "నీ ఫోన్‌కి లాక్ పెట్టుకోనిస్తారా?", "ఫీజు ముందు ఎవరిది కట్టారు?" అని అడుగుతున్నాం. ఇలాంటివి ఇంకేం అడగొచ్చు?

చాలామందిలో దిగులు తలనొప్పిగా, నీరసంగా, నిద్రపట్టకపోవడంగా బయటపడుతుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గినా, థైరాయిడ్ ఉన్నా నీరసమే కాబట్టి ఆ పరీక్షలూ చేయిస్తాం. రక్తం తక్కువని తేలిందా, ఇంట్లోవాళ్లు ఐరన్ మాత్రలతో సరిపెట్టేస్తారు, మిగతాది వినరు.

ఇంకొకటి. 18 నిండితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గోప్యత ఆమె హక్కు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ సంబంధాలు చూస్తున్న ఇల్లు, ఫోన్ అందరిదీ, కాల్ హిస్టరీ నాన్న చూస్తాడు. ఇలాంటి అమ్మాయిలతో మీరు ఏ ఫోన్ నుంచి, ఏ వేళలో చేయిస్తున్నారు?