అప్‌డేట్: కోతి అండాశయంలో ప్రొజెస్టిరాన్ గ్రాహకాల గురించి

ఎలుకల అండాశయంలోని కార్పస్ ల్యూటియం అనే గ్రంథిలో దాదాపుగా కనిపించని ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు (ఆ హార్మోన్‌ను పట్టుకుని స్పందించే ప్రొటీన్లు) కోతులలోనైనా ఉంటాయా అని, హనుమకొండలో ఎమ్మెస్సీ జువాలజీ సెమినార్‌కు సిద్ధమవుతూ నేను అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికింది: ఉంటాయి. రీసస్ కోతిలో ఎల్‌హెచ్ (అండం విడుదలను ప్రేరేపించే హార్మోన్) ఒక్కసారిగా పెరిగిన తరువాత, అండాన్ని చుట్టి ఉండే గ్రాన్యులోసా కణాలలో ఎక్కువయ్యే ఈ గ్రాహకాలు, అండం విడుదలయ్యాక ఏర్పడే కార్పస్ ల్యూటియంలోనూ కొనసాగుతాయి. అంటే ఆ గ్రంథి తాను స్రవించే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌కు తానే స్పందించగలదు. మా మేడమ్ చూపిన ఛాయాచిత్రంలో, గ్రాహకాలున్న చోటును చూపే గోధుమ రంగు కణమంతటా కాక కేంద్రకాలలోనే చిక్కగా కనిపించింది. ఈ గ్రాహకం జన్యువులను ప్రభావితం చేసే చోటు అదే కదా. ఈస్ట్రోజన్ విషయానికి వస్తే, గ్రాన్యులోసాలో దాని ఆల్ఫా, బీటా రకాల గ్రాహకాలలో బీటాదే పైచేయి. అండం పెరుగుదలకు తోడ్పడే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ గ్రాహకాలు మాత్రం ఎలుకలోనూ కోతిలోనూ గ్రాన్యులోసా కణాలపైనే ఉంటాయి కనుక, సెమినార్‌లో ఆ స్లైడును మార్చవలసిన అవసరం రాలేదు.