డెవాన్‌వాసి, డెవోనియన్ యుగం, వైదర్భీ రీతి

భూమి చరిత్రను గురించి తెలుగులో రాసేవారికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇంగ్లండులోని డెవాన్ పేరు మీద డెవోనియన్ యుగం, రష్యాలోని పెర్మ్ పేరు మీద పెర్మియన్ యుగం, ఫ్రాన్స్, స్విట్జర్లాండుల సరిహద్దులోని జురా పర్వతాల పేరు మీద జురాసిక్ యుగం ఏర్పడ్డాయి గనుక, పరాయి ప్రత్యయాలను వదిలేసి డెవాన్ యుగం, పెర్మ్ యుగం, జురా యుగం అని రాస్తే సరిపోదా అన్నది ఆ ప్రశ్న. మనుషుల విషయంలో మనం చేస్తున్నది అదే. ‘ఇటాలియన్’ అనే బదులు ఇటలీవాడు, ఇటలీవాసి అంటాం. సందర్భాన్ని బట్టి భారతీయుడు, నేపాలీ, కళింగుడు వంటి రూపాలూ మనకు సిద్ధంగా ఉన్నాయి. అయినా యుగాల పేర్లకు ఈ పద్ధతి పనికిరాదని నా అభిప్రాయం.

‘స్కాట్లాండులో డెవోనియన్ శిలలు విస్తారంగా ఉన్నాయి’ అన్న వాక్యాన్ని తీసుకొని, అందులో ‘డెవోనియన్’ స్థానంలో ‘డెవాన్’ పెట్టి చూడండి. డెవాన్ నుంచి ఎవరో స్కాట్లాండుకు రాళ్ళు తరలించారన్న అర్థం వస్తుంది. భూవిజ్ఞానులు సెడ్జ్‌విక్, మర్చిసన్ 1839లో ఈ పేరును ప్రతిపాదించినప్పుడు వారు చెప్పదలచుకున్నది, డెవాన్ రాళ్ళలో కనిపించిన శిలాజాలు సిలూరియన్, కార్బొనిఫెరస్ అనే యుగాల నడుమ ఉన్న ఒక ప్రత్యేక కాలానికి చెందినవని. సుమారు 42 కోట్ల ఏళ్ళ క్రితం మొదలై 36 కోట్ల ఏళ్ళ క్రితం ముగిసిన ఆ కాలంలో ప్రపంచంలో ఎక్కడ ఏర్పడిన రాయికైనా ఈ పేరు చెల్లుతుంది. డెవాన్‌లోని రాళ్ళన్నిటికీ మాత్రం చెల్లదు, ఎందుకంటే అక్కడి ఎర్ర ఇసుకరాళ్ళలో చాలా భాగం ఆ తరువాతి యుగాలవి. అంటే స్థలం పేరు కాలం పేరుగా మారింది, ఆ మార్పుకు మాటలో మిగిలిన గుర్తు ఆ ప్రత్యయం ఒక్కటే.

ఇంగ్లీషులో డెవాన్ మనిషికీ ఆ యుగానికీ రూపం ఒకటే కావడంతో ఈ తేడా చెవికి ఆనదు. ఫ్రెంచి వారు విడదీసుకున్నారు: జురా ప్రాంతపు మనిషి ‘జురాసియాఁ’, యుగం ‘జురాసిక్’. రష్యన్‌లో పెర్మ్ మనిషి ‘పెర్మ్యాక్’, యుగానికి వాడే విశేషణం ‘పెర్మ్‌స్కీ’. మనుషులకు మన ప్రత్యయాలనూ యుగాలకు అరువు రూపాలనూ వాడితే మనకూ ఇలాంటి విభజనే దొరుకుతుంది. దాన్ని చేజేతులా పోగొట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు.

ఇది మనకు కొత్త విషయమూ కాదు. సంస్కృతంలో దేశం పేరులోని మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి (అంటే ‘అ’ ‘ఆ’గా, ‘ఇ’ ‘ఐ’గా మారి) ఆ దేశపు మనిషిని చెప్పే మాట పుడుతుంది. మిథిల నుంచి మైథిలి, విదేహ నుంచి వైదేహి, కేకయ నుంచి కైకేయి, గంధార నుంచి గాంధారి అలా వచ్చినవే, ఇవి చివరికి ఆ స్త్రీల సొంత పేర్లుగానే స్థిరపడిపోయాయి. అదే విధంగా విదర్భ నుంచి వైదర్భి, పంచాల నుంచి పాంచాలి ఏర్పడ్డాయి. వైదర్భి అంటే దమయంతి, పాంచాలి అంటే ద్రౌపది. ఈ రెండూ కావ్యరీతుల, అంటే కావ్యరచనా శైలుల పేర్లు కూడా. మరి వైదర్భీ రీతిలో రాయాలంటే కవి విదర్భలో పుట్టి ఉండాలా? రీతుల గురించి చెబుతూ అలంకారశాస్త్రకారుడు వామనుడు ఈ సందేహాన్ని ముందే తీర్చాడు: విదర్భ మొదలైన దేశాలలో కనిపించినందువల్ల వాటికి ఆ పేర్లు వచ్చాయి గాని, కావ్యానికి ఆ దేశాలు చేసే ఉపకారమేమీ లేదన్నాడు. భూవిజ్ఞాని డెవోనియన్ గురించి చెప్పేది కూడా అచ్చంగా ఇదే. ఈ పోలిక నాకు ఎంతో ఇష్టం.

పేర్లు ఎప్పుడూ ఊరి నుంచి మనిషికే ప్రయాణిస్తాయనుకోవడం కూడా సరికాదు. సిలూరియన్, ఆర్డొవిసియన్ యుగాలకు మూలం స్థలాలు కావు. రోమన్ల కాలంలో వేల్స్‌లో ఉన్న సిలూరెస్, ఆర్డొవిసెస్ అనే తెగలు. ఈ రెండో పేరును భూవిజ్ఞాని చార్లెస్ లాప్‌వర్త్ 1879లో తెచ్చాడు, కేంబ్రియన్ యుగం ఎక్కడ ముగుస్తుంది, సిలూరియన్ ఎక్కడ మొదలవుతుంది అన్న దీర్ఘకాలపు వివాదాన్ని తీర్చడానికి. కేంబ్రియన్‌కు ఆధారమైన కేంబ్రియా, వేల్స్ ప్రజలు తమ దేశాన్ని పిలుచుకునే ‘కమ్రీ’ అన్న మాటకు లాటిన్ రూపం. దాని మూలార్థం ‘తోటి దేశస్థులు’. అన్నిటికంటే దూరం నడిచిన పేరు గోండ్వానా. గోండుల పేరు మొదట వారి అడవి ప్రాంతానికి వచ్చింది, ఆ ప్రాంతం పేరు బొగ్గు పొరలున్న ఒక శిలాశ్రేణికి, అక్కడి నుంచి భూవిజ్ఞాని ఎడ్వర్డ్ సూస్ చేతిలో ఒక ప్రాచీన మహాఖండానికి చేరింది. ఈనాటి అంటార్కిటికా కూడా అందులో భాగమే. గోండులు మాత్రం తమను తాము కోయితూర్ అనుకుంటారు.

డెవానీయ, పెర్మీయ అని ‘ఈయ’ చేర్చవచ్చు కదా అని అడిగేవారుంటారు. వినడానికి బాగానే ఉంటుంది, కాని ‘భారతీయ శిలలు’ అన్నప్పుడు మనకు తోచేది భారతదేశంలోని శిలలే కదా! ఆ ప్రత్యయం కూడా మనల్ని తిరిగి స్థలానికే చేరుస్తుంది.

2018లో అంతర్జాతీయంగా ఆమోదం పొందిన మేఘాలయన్ అనే కాలవిభాగపు పేరు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మేఘాలయలోని మామ్లూ గుహలో ఉన్న ఒక సున్నపు స్తంభంలో, సుమారు 4,200 ఏళ్ళ నాడు వానలు తగ్గిపోయిన ఆనవాలు దొరకడం వల్ల ఆ పేరు పెట్టారు. ‘మేఘాలయ యుగం’ అని రాస్తే, అదేదో ఆ రాష్ట్ర చరిత్రలోని ఘట్టమని పాఠకుడు భ్రమపడతాడు. మేఘాలయ శిలలంటే అక్కడి కొండల రాళ్ళు, వాటిలో కొన్ని వంద కోట్ల ఏళ్ళు పైబడినవి. మేఘాలయన్ నిక్షేపమంటే ఈ 4,200 ఏళ్ళలో ఏ నది ఒడ్డున, ఏ సముద్రం అడుగున పేరుకున్నదైనా సరే.