‘అగుఁ దా నొరులకు’: ఇక్కడ ‘దా’ ఎవరు?

తిక్కన గారి పద్యం ఒకటి పొద్దున్నుంచీ వదలడం లేదు. ‘ఒరు లేయవి యొనరించిన నరవర యప్రియము దన మనంబున కగు...’ తర్వాత ‘దానొరులకు’ అని గుర్తు. ఆ ‘దాన్’ అంటే ‘అందువల్ల’ అనా? రావల్పిండిలో సిపాయిల మీద జరిగిన విషవాయు ప్రయోగాల గురించి చదువుతుంటే పద్యం నోటికొచ్చింది. బ్రిటన్ రసాయన ఆయుధాల పరిశోధన కేంద్రం పోర్టన్ డౌన్ శాస్త్రవేత్తలు రెండో ప్రపంచ యుద్ధానికి ముందూ, యుద్ధంలోనూ భారత సిపాయిలను, చర్మాన్ని కాల్చే మస్టర్డ్ గ్యాస్ నింపిన గదుల్లోకి పంపారు. ముఖానికి మాస్కు, ఒంటిమీద నిక్కరు, మెడ తెరిచిన కాటన్ చొక్కా. మనవాళ్ల చర్మం తెల్లవాళ్ల చర్మం కంటే ఎక్కువ కాలుతుందేమో చూడాలట.

— అది ‘తా’నే మాస్టారూ. ‘...కగుఁ దా / నొరులకు నవి సేయకునికి / పరాయణము పరమధర్మపథముల కెల్లన్’. ఒరులు, అంటే ఇతరులు, ఏం చేస్తే తన మనసుకు నొప్పో, వాటిని తాను ఇతరులకు చేయకుండా ఉండటమే ధర్మాలన్నిటికీ పరాయణం. అగున్ + తాను, ద్రుతం మీద సరళాదేశం; ‘న్’ తర్వాతి ‘త’ ‘ద’ అయింది. కందంలో రెండో పాదం గురువుతో ముగియాలి కాబట్టి ‘దా’ అక్కడ నిలిచి, ‘నొరులకు’ కింది పాదానికి వెళ్లింది.

— ‘దాన్’ అని విడదీసినా గణాలు చెడవు కదా!

— అన్వయం చెడుతుంది. ‘దన మనంబున’ అన్నాక ‘తాను’ రాకపోతే తూకమేది? నొప్పి తెలిసినవాడూ, మానుకోవలసినవాడూ ఒక్కడే. తిక్కన సర్వనామాన్ని ఊరికే వాడడు.

— నన్ను పట్టేసింది ‘మనంబున’. వాళ్లు కొలిచింది చర్మాన్ని; ఇష్టమా అని అడగవలసింది మనసుని. అమెరికా దాదాపు 60,000 మంది సొంత సైనికులను ఇలా వాడింది. నల్లవాళ్లను, జపనీస్ అమెరికన్లను, పోర్టోరికన్లను విడిగా పరీక్షించింది. పనామాలో శాన్ హోసే దీవి మీద అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి పనిచేశాయి. లెక్కలు పంచుకున్న మిత్రదేశాలకు ‘ఒరులు’ సొంత సిపాయిలే!

— బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ను మరవకండి. 1939లో బ్రిటిష్ జలాంతర్గామి థీటిస్ మునిగాక, లోపలివాళ్లు ఎలా చనిపోయారో తేల్చడానికి ప్రెషర్ ఛాంబర్‌లోకి తనే వెళ్లాడు. తర్వాత మన దేశానికొచ్చి, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. ‘తా’ అంటే అదీ.

— తన ఒంటిమీద చేసుకుంటే ఇంకొకరి మీద చేసే హక్కు రాదండీ. క్రియ చూడండి, ‘సేయకునికి’. మానడాన్ని ఒక ఉనికిగా చెప్పాడు మహానుభావుడు! తిక్కన నాటకీయత గురించే మాట్లాడతారు గానీ, క్రియ నుంచి పుట్టే ఇలాంటి చిన్న కృదంతాల్లో ఆయన్ను మించినవాడు లేడు.

— నన్నయ అభిమానులం ఒప్పుకోం.

— సరే, ‘పరాయణము’ సంగతి? గమ్యమా, ఆశ్రయమా? నాకు ఆశ్రయమే సరిపోతుంది. నిఘంటువు దగ్గరున్నవాళ్లు చూసి చెప్పండి.