పియెట్టా 44 రివాల్వర్‌కి 451 గుండా, 454 గుండా? తేల్చండి

డాలస్_కుర్రోడు:
అన్నలూ, పియెట్టా వాళ్ళ 1858 రెమింగ్టన్ రెప్లికా తీసుకున్నా, 44 క్యాలిబర్. నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్), దాన్ని అంటించే క్యాప్‌లు అన్నీ రెడీ, గుండ్ల దగ్గరే ఆగిపోయా. షాపులో ఆయన 0.451 అంగుళాలది చాలన్నాడు, రేంజ్‌లో పక్క బెంచీ తాతగారేమో 0.454 తప్ప ఇంకోటి ముట్టుకోకు అని ఒకటే గోల. తేడా అంగుళంలో వెయ్యో వంతులు మూడు, వెంట్రుక మందం కూడా కాదేమో, దీనికింత రచ్చ ఎందుకు?

గుంటూరు_కారం:
తాతగారి మాట విను తమ్ముడూ. గుండు ఛాంబర్ (సిలిండర్‌లో అది కూర్చునే రంధ్రం) కన్నా పెద్దది ఉండాలి, బ్యారెల్ కింది లివర్‌తో నొక్కుతుంటే మూతి అంచు దగ్గర సీసం చెక్కుకుపోయి సన్నటి రింగు ఊడి రావాలి, అదీ ఎక్కడా తెగకుండా గుండ్రంగా రావాలి. సగం రింగే వచ్చిందంటే ఒక పక్క పట్టు లేనట్టే. 454 పెడితే చుట్టూ వెడల్పాటి పట్టీ పడుద్ది, రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) పట్టుకోడానికి సీసం ఎక్కువ దొరుకుద్ది. వదులు గుండైతే ఒకటి పేలినప్పుడు ఆ కుదుపుకి మిగతావి ముందుకి జరిగి సిలిండర్ తిరగకుండా ఇరుక్కుంటయ్. చైన్ ఫైర్ సంగతి చెప్పక్కర్లేదు, పక్క ఛాంబర్ కూడా అంటుకుంటే చేతులు జాగ్రత్త. మన ఊళ్ళో నాటు తుపాకీలో మందు దట్టించినట్టు గుడ్డ కుక్కితే సరిపోయే యవ్వారం కాదిది.

కరీంనగర్_పిలగాడు:
గట్లెట్లంటవ్ అన్నా, చైన్ ఫైర్ అన్నిసార్లు ముందటికెళ్లే వస్తదా? ఛాంబర్ ఎనక నిపుల్ (క్యాప్ తొడిగే మొన) మీద క్యాప్ వదులుగుంటే ఎనకకెళ్లి కూడా నిప్పు దూరుతదని ఎందరో అంటరు, ఆ పంచాది ఇప్పటిదాకా తెగలే. సైజు పెంచుడు ఒక్కటే మందు అన్నట్టు చెప్తే ఎట్ల? పియెట్టా ఛాంబర్లు చాలామట్టుకు 450 కన్నా తక్కువనే ఉంటయ్, 451కి కూడా రింగు మంచిగనే వస్తది. 454 పెట్టి లివర్ మీద బరువంతా ఏస్తే పిన్నులు, స్క్రూలు అరుగుతయ్, ఇత్తడి ఫ్రేం దానికైతే ఇంకా చెప్పద్దు. బరువులో తేడా ఎంతనుకున్నవ్, 451ది 138 గ్రెయిన్లు (గుండ్ల బరువు లెక్క), 454ది 141 గ్రెయిన్లు, అంతే!

గుంటూరు_కారం:
లివర్ కష్టపడుతుందంటే తప్పు గుండుది కాదు బాబూ, సీసానిది. టైర్ల బరువులు కరిగించి పోసిన గట్టి సీసంతో నొక్కితే 451 కూడా మొరాయిస్తుంది. మెత్తటి శుద్ధ సీసం వాడు, గోరుతో గీస్తే గీత పడాలి. మరీ కష్టమైతే సిలిండర్ తీసి బయట లోడింగ్ ప్రెస్‌లో పెట్టు, రెమింగ్టన్‌కి సిలిండర్ ఊడదీయటం ఎంత పని.

కొలతల_మావయ్య:
ఇద్దరూ డబ్బా మీద అంకెలు పట్టుకుని కొట్టుకుంటున్నారు, ఆ కుర్రాడి సిలిండర్ ఎవరైనా కొలిచారా? బాబూ, ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో, క్యాప్‌లు తీసేసి ఉన్నాయో లేదో చూసుకో, తర్వాత సిలిండర్ బయటికి తీసి కాలిపర్‌తో ఆరు మూతులూ విడివిడిగా కొలువు. అన్నిట్లోకి పెద్ద దానికి నాలుగైదు వెయ్యో వంతులు కలిపితే నీ గుండు సైజు అదే. 44 అని పేరే గానీ బ్యారెల్ గాడి లోతు కలుపుకుంటే 451 దరిదాపుల్లో ఉంటుంది, ఛాంబర్ అంతకన్నా చిన్నదైతే గుండు అక్కడే సన్నబడి గాడిలోకి పూర్తిగా కూర్చోదు, అప్పుడు 454 కొన్నా చెక్కుడు సీసమే ఎక్కువొస్తుంది. గురి కావాలనుకునేవాళ్ళు అందుకే గన్‌స్మిత్‌తో ఛాంబర్లు కాస్త తీయించుకుంటారు. ఇక ఉబెర్టీ 44లకి ఎక్కువమంది 454 పెడతారు, రూగర్ ఓల్డ్ ఆర్మీకి 457, కోల్ట్ 1851 నేవీ లాంటి 36లకి 375 మామూలు, వదులనిపిస్తే 380. కంపెనీ పేరు చూసి కాదు, కొలత చూసి కొనాలి.

కరీంనగర్_పిలగాడు:
గిదే కదా నేనన్నది.

గుంటూరు_కారం:
నువ్వు అన్నది ఇది కాదు, పైకెళ్ళి చదువుకో 😀

డాలస్_కుర్రోడు:
కొలిచా మావయ్యా. ఐదు 447, ఒకటి 448. అంటే 451 కూడా మూడే పెద్దది, ఆ 448 దాంట్లో రింగు సగమే వస్తుందేమోనని నా డౌట్.

కొలతల_మావయ్య:
అయితే 454 తీసుకో. రెండు రకాలూ చిన్న డబ్బాలు కొని ఆ ఆరో ఛాంబర్‌లో రింగు పూర్తిగా వస్తోందో లేదో చూడు, గురి కూడా రెండిటితో వేసి చూడు. గుండు మందు మీద ఆనేదాకా నొక్కాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. పొగ రాని మందు (స్మోక్‌లెస్ పౌడర్) పొరపాటున కూడా పోయకు. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా సమోసా ముట్టుకోకు, రేంజ్‌లో మనవాళ్ళే చేసే పని అది.

కరీంనగర్_పిలగాడు:
454 నొక్కినంక లివర్ ఎట్లుందో ఫోటో పెట్టు తమ్మీ.