పోతన పద్యంలో కాలానికి ముఖం ఎందుకు లేదు?

నిన్న గ్రూపులో పోతన పద్యం పెట్టిన తమ్ముడు కింద ఒక ప్రశ్న కూడా అడిగాడు: "అన్నీ కాలమే చేస్తుందంటున్నాడు కదా, మరి ఆ కాలం ఎట్లా ఉంటుందో ఒక్క మాట కూడా ఎందుకు చెప్పలేదు? యముడిలాగా దున్నపోతు మీద కూర్చోబెట్టొచ్చు కదా?" రెండు లైన్ల కామెంట్‌లో తేలే ప్రశ్న కాదిది. అందుకే విడిగా రాస్తున్నాను. ముందు పద్యం మళ్లీ ఒకసారి:

వాయువశంబులై యెగసి వారిధరంబులు మింటఁ గూడుచుం
బాయుచు నుండు కైవడిఁ బ్రపంచము సర్వముఁ గాలతంత్రమై
పాయుచుఁ గూడుచుండు నొక భంగిఁ జరింపదు కాల మన్నియుం
జేయుచు నుండుఁ గాలము విచిత్రము దుస్తర మెట్టివారికిన్.

పోతన భాగవతం ప్రథమ స్కంధంలోది. అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుతో అంటున్న మాటలు. గాలికి లేచిన మబ్బులు ఆకాశంలో కలుస్తూ విడిపోతూ ఉన్నట్టే, లోకమంతా కాలానికి లోబడి విడిపోతూ కలుస్తూ ఉంటుంది, ఒక్క తీరుగా నడవదు. అన్నీ చేసేది కాలమే. అది విచిత్రమైనది, ఎంతటివాడికైనా దాటరానిది. మనలో చాలామందికి నోటికి వచ్చిన "రాజఁట ధర్మజుండు" కూడా ఈ సందర్భంలోదే.

మబ్బుల పోలిక వ్యాసుడిదే. సంస్కృత భాగవతంలో "వాయోరివ ఘనావలిః" అని ఒక్క ముక్కలో ఉంది. గాలి వశంలో మేఘాల బారు ఎట్లాగో, కాలం వశంలో లోకం అట్లా అని. కలవడం, విడిపోవడం అక్కడ లేవు. అవి మన బమ్మెర పోతన చేర్చినవి. ఇంకో సంగతి చూడండి. మబ్బుల దగ్గర "కూడుచుం బాయుచు" అన్నాడు. లోకం దగ్గరికి వచ్చేసరికి "పాయుచుఁ గూడుచు" అని వరస తిప్పాడు. ప్రాసకు యకారం కావాలి కనుక పాదం మొదట "పాయుచు" పడిందని ఛందస్సు తెలిసినవాళ్లు అంటారు, నిజమే. కానీ వింటున్నది ఎవరు? కొడుకులను, చుట్టాలను యుద్ధంలో పోగొట్టుకొని ఎదురుగా నిలబడ్డ ధర్మరాజు. అతనికి ఎడబాటును ముందు చెప్పి, కలయికను తర్వాత చెప్పడంలో ఒక పెద్దాయన ఓదార్పు ఉంది. ఈ పద్యాన్ని వైరాగ్యం కింద జమకట్టేవాళ్లతో నాకు అందుకే పేచీ.

సరే, ముఖం సంగతికి వద్దాం. మన దగ్గర కాలానికి ముఖం కరువేమీ లేదు. ధర్మపురి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. నరసింహస్వామి క్షేత్రంలోనే యమధర్మరాజుకు గుడి ఉంది. కోరలు బయటికి వచ్చిన ముఖం. అక్కడి గండదీపంలో నూనె పోసి గండాలు గట్టెక్కించమని మొక్కుకుంటారు. ధర్మపురికి వచ్చినవాడికి యమపురి ఉండదని సామెత కూడా ఉంది. అదే గోదావరి వెంట కిందికి పోతే, ప్రాణహిత కలిసే చోట కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తీశ్వరుడు. ముందు పూజ కాలుడికే. ఇక్కడ కోరలు లేవు, దండం లేదు, దున్నపోతు లేదు. పక్కన ముక్తినిచ్చే దేవుడితో ఒకే పీఠం పంచుకున్న రాయి, అంతే. పోతన పద్యానికి ధర్మపురి కన్నా కాళేశ్వరం దగ్గరని నాకు అనిపిస్తుంది. పేరుంది, పని ఉంది, ముఖం లేదు.

కోరల దగ్గరే ఇంకొంచెం ఆగుదాం. గీత 11వ అధ్యాయంలో అర్జునుడు విశ్వరూపాన్ని చూసి చెప్పేది ప్రధానంగా నోళ్ల గురించే: భయంకరమైన కోరల నోళ్లలోకి యోధులందరూ పరుగెత్తి దూరుతున్నారు. "నువ్వెవరు?" అని అడిగితే వచ్చిన జవాబు "కాలోఽస్మి". అంటే ఇక్కడ కాలానికి మనవాళ్లు ఇచ్చుకున్న అవయవం నోరు. గుళ్లో మూలవిరాట్టు వెనక మకరతోరణం ఉంటుంది కదా, దాని నడినెత్తిన గుడ్లురిమి చూసే సింహముఖాన్ని ఈసారి నిలబడి చూడండి. కింద ఒళ్లుండదు. కీర్తిముఖం అంటాం. జలంధరుడనే రాక్షసుడి దూతగా రాహువు వచ్చినప్పుడు శివుడి కోపంలోంచి పుట్టిన ఆకలిగొన్న జీవి అది. రాహువు శరణు వేడడంతో తినడానికి ఏమీ దొరకక, శివుడు చెప్పినట్టు తన ఒళ్లు తానే తినేసింది. ముఖం ఒక్కటే మిగిలింది. ఆ విధేయతకు మెచ్చి శివుడు దాన్ని వాకిలి మీద ఉండమన్నాడు. మనం కీర్తి అని పిలుచుకునే ఈ ముఖమే జావా ద్వీపంలో బోరోబుదూర్ అనే బౌద్ధ స్తూపం మెట్ల దారుల మీద కూడా ఉంది. అక్కడ దాని పేరు "కాల". ఆ ముఖం, కింద రెండు మకరాలు కలిపి కాల-మకర అంటారు. తనను తానే తినే ఆకలికి కాలం అన్న పేరు పెట్టడం నాకైతే ఎంతో సరైనదిగా తోస్తుంది.

పడమటి దేశాల్లో కథ వేరు. అక్కడ ముఖం శబ్దసామ్యం వల్ల వచ్చింది. క్రోనోస్ అని ఒక పాత దేవుడు, చేతిలో కొడవలి, సొంత పిల్లలను మింగినవాడు. ఖ్రోనోస్ అంటే కాలం. అల్పప్రాణం, మహాప్రాణం తేడా తప్ప రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. గ్రీకు రచయిత ప్లూటార్క్ నాటికే రెండూ ఒకటేనని చెప్పుకునేవాళ్లు. రోమన్లు ఆ క్రోనోస్‌ను తమ శాటర్న్‌తో కలిపేశారు. 15వ శతాబ్దంలో పెట్రార్క్ అనే కవి కావ్యానికి బొమ్మలు వేసిన ఇటలీ చిత్రకారులు ఆ ముసలి శాటర్న్ రూపానికే రెక్కలు, చంకకర్రలు, ఇసుక గడియారం చేర్చి కాలపురుషుడిని చేశారు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఇటలీ చిత్రకారుడు బ్రాంజీనో 1545 ప్రాంతంలో వేసిన వీనస్, క్యూపిడ్‌ల చిత్రం ఉంది. ఫోన్‌లో పెద్దది చేసి పైన కుడి మూల చూడండి. బట్టతల, నెరిసిన గడ్డం, భుజం వెనక ఇసుక గడియారం. తల ముసలిది, చేయి మాత్రం కండలు తిరిగిన వస్తాదుది. ఆ చేయి చాచి నీలి పరదాను పట్టుకున్నాడు. దాచిన గుట్టును కాలం బయటపెడుతోందని చాలామంది పండితులు చెప్తారు. నాకు ఆ చేయి నచ్చింది. "కాల మన్నియుం జేయుచు నుండు" అన్నదాన్ని బొమ్మ గీయాలంటే చేతిలోనే ఉంది బలమంతా. పిల్లలను మింగే శాటర్న్‌ను స్పెయిన్ చిత్రకారుడు గోయా 1820–23 మధ్య తన ఇంటి గోడ మీద వేసుకున్నాడు. అది చూస్తే మళ్లీ మన కోరల నోరే గుర్తొస్తుంది.

గ్రీకులకు ఇంకో కాలం కూడా ఉంది, కైరోస్. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో లైసిప్పోస్ అనే శిల్పి పోత పోసిన కుర్రవాడు. మడమలకు రెక్కలు, నుదుటి మీద జుట్టు, వెనక బోడి తల. ఎదురొచ్చినప్పుడే పట్టుకోవాలి, దాటిపోతే చేతికి చిక్కడు. మన రైతుకు ఇది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, అదును అంటే చాలు.

తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఇది. ముఖం ఇస్తే కాలం ఒకచోట నిలబడుతుంది, దానికి మొక్కొచ్చు, దాన్ని తిట్టొచ్చు, మార్కండేయుడి కథలోలాగా శివుడి చేత తన్నించొచ్చు. భీష్ముడికి ఆ వీలు లేదు. ఎదురుగా కృష్ణుడే నిలబడి ఉన్నాడు, అయినా ఇంత జరిగింది. "ఇది చేసింది ఫలానావాడు" అని వేలు చూపించగలిగే రూపం ఏదైనా పెడితే ఆ సందర్భమే దెబ్బతింటుంది. అందుకే క్రియలతోనే నడిపాడు: కూడు, పాయు, చరించు, చేయు.

కామెంట్ (కొత్తవాడ నుంచి ఒక అక్క): మాది నేత ఇల్లు, జంపఖానాలు నేస్తాం. భారతంలో ఇద్దరు ఆడవాళ్లు రాత్రిని, పగలును నేస్తుంటారని విన్నాను. అది కూడా కాలమే కదా? అందులో ఏది పడుగు, ఏది పేక?

జవాబు: అక్కా, మీరు గుర్తుచేసినందుకు సంతోషం, నేనే రాయాల్సింది. ఆదిపర్వంలో ఉదంకుడి కథ. నన్నయ తెలుగులో చెప్పిన మొదటి కథల్లో ఒకటి. కుండలాల కోసం నాగలోకానికి పోయిన ఉదంకుడికి నల్ల దారాలు, తెల్ల దారాలతో బట్ట నేస్తున్న ఇద్దరు స్త్రీలు, పన్నెండు ఆకుల చక్రాన్ని తిప్పుతున్న ఆరుగురు కుమారులు కనిపిస్తారు. గురువు తర్వాత విప్పి చెప్తాడు. ఆ స్త్రీలు ధాత, విధాత. దారాలు రాత్రింబవళ్లు. చక్రం సంవత్సరం, కుమారులు ఆరు ఋతువులు. పడుగు, పేక అని విడదీసి మూలంలో చెప్పలేదు, మగ్గం మీద నలుపూ తెలుపూ ఉన్నాయంతే. ఇందులో కోరలు లేవు, ముసలితనం లేదు, ఇద్దరు పనిచేసుకుంటున్నారు. ప్రపంచంలో కాలానికి వేసిన బొమ్మలన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే. మన వరంగల్‌లో ఎవరైనా చిత్రకారుడు కొత్తవాడ మగ్గం చూసి ఇది గీస్తే బాగుండు.

కామెంట్ (అదే అక్క): తంత్రం అంటే మగ్గం అని కూడా అంటారట. మరి పద్యంలో "కాలతంత్రమై" అంటే కాలం మగ్గం మీద అనొచ్చా?

జవాబు: సంస్కృతంలో ఆ అర్థం ఉంది, ఉదంకుడి కథలో వాడిందీ ఆ మాటే. ఊరించే ఆలోచనే. కానీ పోతన ఇక్కడ చెప్తున్నది మబ్బుల సంగతి. కలిసి విడిపోవడం మబ్బుకు కుదురుతుంది, నేసిన బట్టకు కుదరదు. కాలతంత్రం అంటే కాలాధీనం, అక్కడే ఆగుదాం.

కామెంట్ (హుజూరాబాద్ నుంచి ఒక అన్న): మా దిక్కు వానలు మంచిగ పడితే "ఈసారి కాలమైంది" అంటం. పెద్దమనిషి పోతే "కాలం చేసిండు" అంటం. ఒక్క మాటకు ఇంత తేడా ఏంది?

జవాబు: అన్నా, మంచి జోడీ పట్టుకొచ్చారు. "కాలమైంది"లో కాలం అంటే వానకాలం, పంటకాలం. అది తనంత తాను అవుతుంది, మన చేతిలో లేదు. "కాలం చేసిండు"లో చేసేవాడు మనిషి. పోతన దగ్గర చేసేది కాలం. ఈ మూడు వాడుకల్లో కాలం ఎక్కడ కర్త, ఎక్కడ కర్మ అన్నది వచ్చే వారం విడిగా చర్చకు పెడదాం. మీ దిక్కు కాలం కాని ఏడు ఏమంటారో కూడా రాయండి. మా దగ్గర "కాలం కాలే" అంటారు.